మూకీలలో పతితుని పునరాగమనము

చలనచిత్రము మాటలు నేర్వకమునుపే ఎత్తుకొన్న కథలలో త్రాగుబోతు బాగుపడిన కథ యొకటి. 1909లో అమెరికాలో డి.డబ్ల్యు. గ్రిఫిత్ "ఎ డ్రంకర్డ్స్ రిఫర్మేషన్" అను ఒక్క రీలు చిత్రమును తీసెను. అందొక తండ్రి, త్రాగుడునకు దాసుడైనవాడు, చిన్నకూతును వెంటబెట్టుకొని నాటకమునకు పోయి, రంగస్థలముపై మద్యపాయి యొకడు సంసారమును గూల్చుకొనుట చూచి, ఆ వేషధారియందు తన్నే గుర్తించి, ఇల్లు చేరి, త్రాగుడు మాని, భార్యాబిడ్డలతో పొయ్యి దగ్గర కూర్చుండును. ఆ మంట వెలుగు ముఖములపై బడు చివరి దృశ్యమును ఛాయాగ్రహణ చరిత్రకారులు నేటికిని ప్రస్తావింతురు. ఆ తండ్రి మార్పును గూర్చి మాత్రము ఎవరును మాటలాడరు. ఒక్క రీలు చిత్రమున మనుష్యుడు మారుటకు పట్టిన కాలమెంత యని అడుగుట అమర్యాదగా నుండును.

అయితే ఈ చిక్కు ఒక్క రీలు చిత్రములతో పోలేదు. ప్రలోభము, పతనము, పశ్చాత్తాపము, పునరుద్ధరణము అను నాలుగు మెట్ల కథను చేపట్టిన మెలోడ్రామా చిత్రములు, నిడివి ఎంత పెరిగినను, మొదటి రెండు మెట్లపై తీరికగా కూర్చుండి, మూడవ మెట్టు వచ్చుసరికి పరుగందుకొనును. కారణము దాచవలసినది కాదు. ప్రేక్షకుడు డబ్బిచ్చి వచ్చినది పతనమును చూచుటకు. తుదకు వచ్చు పునరుద్ధరణము, అట్లు చూచినందుకు అతనిచేత చేయించు ప్రాయశ్చిత్తము.

ఈ దోషముతో నిజముగా పెనుగులాడిన చిత్రములను తలచినచో నాకు ముందుగ రెండు స్ఫురించును. మొదటిది స్వీడను దేశమున విక్టర్ షోస్త్రోమ్ తీసిన "షోర్కార్లెన్". ఆంగ్లము చదువు లోకమునకు అది "ఫాంటమ్ క్యారేజ్"గా పరిచితము. 1921 జనవరి 1వ తేదీన అది విడుదలయ్యెను. రెండవది, జర్మనీనుండి హాలీవుడ్డునకు పిలిపింపబడిన ఎఫ్.డబ్ల్యు. ముర్నౌ 1927లో ఫాక్స్ కంపెనీకై తీసిన "సన్‌రైజ్". రెండును మూకీలే, రెండును అచ్చుపడిన కథలనుండి పుట్టినవే, రెంటియందును భార్యను మృత్యుముఖమువఱకు ఈడ్చుకొనిపోయిన భర్త గలడు, రెంటియందును అతడు తుదకు ఆ భార్య చెంతకే తిరిగివచ్చును. ఇంత పోలిక యున్నను, వెంటవెంట చూచినవానికి ఇవి ఒకే విషయమును గూర్చి చెప్పుచున్నవా యను సందేహము కలుగక మానదు. నా యభిప్రాయము ముందే చెప్పెదను: షోస్త్రోమ్ పాపము నెఱిగినవాడు, ముర్నౌ క్షమ నెఱిగినవాడు; ఒకరికి తెలిసినది రెండవవారికి అంతగా తెలియదు.

"ఫాంటమ్ క్యారేజ్"నకు మూలము సెల్మా లాగెర్లోఫ్ 1912లో ప్రకటించిన నవల. 1909లో నోబెల్ బహుమానము నందుకొని, సాహిత్యమున ఆ గౌరవము పొందిన తొలి స్త్రీగా ఆమె అప్పటికే విఖ్యాతురాలు. క్షయవ్యాధిని గూర్చి ప్రజలకు తెలివిడి కలిగింపుడని ఆ వ్యాధి నివారణకు పాటుపడు సంఘమువారు కోరగా, ఆమె కరపత్రమువంటి కథ వ్రాయక, దయ్యముల కథ వ్రాసినది. షోస్త్రోమ్ చిత్రానువాదము సిద్ధపఱచుకొని మోర్బకాలోని ఆమె యింటికి పోయి, రెండు గంటలసేపు ఆమె యెదుట దానిని చదివి వినిపించెనట. కథ జరుగు పట్టణముననే చిత్రీకరణము సాగవలెనని ఆమె కోరిక. స్టూడియోలో తీసినగాని ప్రేతముల పని సాగదని అతని పట్టు. స్టాక్‌హోము శివార్లలో రోసుండావద్ద క్రొత్తగా వెలసిన స్టూడియోలోనే తుదకు చిత్రము తయారయ్యెను. పాపియైన డేవిడ్ హోల్మ్ పాత్రను షోస్త్రోమ్ తానే ధరించెను.

కథ యంతయు నొక్క రాత్రి నడచును, సంవత్సరాంతపు రాత్రి. గుంటూరు మండలమున స్టువర్టుపురము సెటిల్మెంటును నడపినవారిగా ఆంధ్రులెఱిగిన సాల్వేషన్ ఆర్మీలో సేవిక యగు ఎడిత్ క్షయతో మరణశయ్యపై నుండి, డేవిడ్ హోల్మును పిలువుడని కోరును. అతడా సమయమున శ్మశానమున ఇద్దఱు త్రాగుబోతులతో కూర్చుండి, ఏటి చివరి క్షణమున మరణించినవాడు మఱుసటి యేడంతయు మృత్యుశకటమును తోలవలెనను కథను చెప్పుచుండును. చెప్పినవాడు చెప్పినట్లే, పన్నెండు గంటలు కొట్టు వేళకు, కొట్లాటలో తలపై సీసా దెబ్బ తిని కూలును. బండి వచ్చును. తోలువాడు వానిని త్రాగుడులోనికి దింపిన పాత స్నేహితుడు గెయార్గ్. అచటినుండి కథ ముందునకు నడువక వెనుకకు నడచును. ప్రేతమైన డేవిడ్, తన జీవితమును తాను చూడవలసినవాడగును.

ఆ గతములో ఒక దృశ్యమున నేను కొంతసేపు ఆగవలసియున్నది. ఒక యేడు ముందు, సాల్వేషన్ ఆర్మీవారి వసతి క్రొత్తగా తెఱచిన రాత్రి, తొలి యతిథిగా డేవిడ్ వచ్చి పడుకొనును. అతని కోటు చినిగి, మురికిపట్టి, రోగబీజములతో నిండియున్నది. ఎడిత్ రాత్రియంతయు మేలుకొని ఆ కోటునకు మాసికలు వేసి, గుండీలు కుట్టును. తెల్లవాఱిన పిమ్మట అతడు కోటు తొడిగికొని, కుట్టినది ఎవరని యడిగి, ఆమెను పిలిపించి, ఆమె కన్నులయెదుటనే ఒక్కొక్క మాసికను పీకి, ఒక్కొక్క గుండీని తెంచి వేయును. తొందరపడడు, నవ్వుచు, చేతిపని చేయువానివలె శ్రద్ధగా తెంచును. ఆమె రోగమునకు బీజము ఆ కోటే. చలనచిత్రమున క్రౌర్యమును పలువురు చూపిరి. ఉపకారముపై మనుష్యునికుండు పగను ఇంత సూటిగా చూపినవారిని నే నెఱుగను. తన్ను బాగుచేయవచ్చినవారిపై పతితునికి కోపమేల కలుగును? ఆ కుట్టుపని అతని చినుగులను లెక్కపెట్టినది గనుక.

భార్యపై గొడ్డలితో లేచు దృశ్యము అంతకంటె ప్రసిద్ధము. తలుపు గడియ పెట్టి పిల్లలతో పాఱిపోజూచుచున్న భార్యను చేరుటకు అతడు తలుపును గొడ్డలితో పగులగొట్టును. దశాబ్దముల పిమ్మట 1980లో కుబ్రిక్ "ది షైనింగ్"లో ఇట్టి దృశ్యమునే చూచినవారు దీనిని తలంతురు. కాని నన్ను కలవరపెట్టినది గొడ్డలి కాదు. తలుపు విఱిగి లోపలికి వచ్చినవాడు, మూర్ఛిల్లిన భార్యకు నీళ్లు తెచ్చి, తేఱుకొనుచున్న ఆమెను మరల ఎత్తిపొడుచును. రాక్షసుడైనచో నీళ్లు తేడు. మనుష్యుడు గనుకనే తెచ్చినాడు, మనుష్యుడు గనుకనే ఎత్తిపొడిచినాడు.

ఛాయాగ్రాహకుడు యూలియస్ యేన్జోన్ చేసిన డబుల్ ఎక్స్‌పోజర్ పనితనమును గూర్చి వ్రాయనివారు లేరు. చేతితో త్రిప్పు కెమెరాతో, ఒకే ఫిలిమును వెనుకకు చుట్టి, మరల మరల అదే వేగమున త్రిప్పి, కొన్ని యెడల నాలుగు పొరలవఱకు బింబమును నిలిపిరి. బండి సముద్ర తరంగములపై పోవును. తోలువాడు నీటి యడుగునకు దిగి మునిగినవాని ప్రాణమును మోసికొనివచ్చును. ప్రేతములు కుర్చీల వెనుకగ నడచినపుడు కుర్చీలు వారిని కప్పును. ఇదంతయు గారడీ కాదా యనవచ్చును. గారడీయే, కాని కథకు పనికివచ్చిన గారడీ. డేవిడ్ పారదర్శకుడై నిలిచి తన పాత క్రౌర్యములను చూచునపుడు, చేయిచాచి దేనిని నివారింపజాలడు. చూపు మిగిలి, చేత పోయినవాడు. పశ్చాత్తాపమునకు ఇంతకంటె సరియైన ఆకృతిని కెమెరా ఇంతవఱకు కనుగొనలేదు.

ఇట చెప్పవలసిన కొఱతయు గలదు. గెయార్గ్ వానిని తుదకు అతని యింటికి కొనిపోగా, దారిద్ర్యమునకు, భయమునకు లోబడిన భార్య పిల్లలకును తనకును విషము కలుపుకొనుచుండును. డేవిడ్ ప్రాధేయపడును, జీవులపై తనకధికారము లేదని తోలువాడనును. అపుడు డేవిడ్ భగవంతుని వేడుకొనును, మరల శరీరమున ప్రవేశించును, పరుగున ఇల్లు చేరి ఆమెను వారించును, ఇద్దఱును ఏడ్తురు, చిత్రము ముగియును. గంటన్నరకు పైగా మనుష్యుని దుష్టతను ఇంత ఓపికతో త్రవ్విన దర్శకుడు, ఆ మనుష్యుని మేలుకొలుపునకు కేటాయించినది కొన్ని నిమిషములు. ఆ భార్య అతనిని నమ్మునా? మొదట నమ్మదు, తరువాత అతని కన్నీరు చూచి నమ్మును. నేను మాత్రము ఆ విషము కలిపిన పాత్రను పాఱబోసిరో లేదో చూడవలెనని కూర్చుంటిని.

మన సాహిత్యమున ఇట్టివాడు లేకపోలేదు. తెనాలి రామకృష్ణకవి పాండురంగమాహాత్మ్యమున నిగమశర్మ ఉపాఖ్యానమును చదివినవారికి డేవిడ్ హోల్మ్ క్రొత్తవాడు కాడు. తమ్ముని బాగుచేయుటకై పుట్టింటికి వచ్చిన అక్క బుద్ధులు చెప్పగా, అతడు కొన్నాళ్లు ఇంటిపట్టున నుండి, ఒక రాత్రి ఇంటిల్లిపాది నగలును మూటగట్టుకొని పాఱిపోవును. పేరైనను లేని ఆ అక్కను గూర్చి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ప్రత్యేకముగ వ్యాసము వ్రాసిరి. ఎడిత్‌ను చూచునపుడు నాకామెయే మెదలును. నిగమశర్మ ప్రాణమునకై యమదూతలును విష్ణుదూతలును వాదులాడుట కూడ స్వీడను బండిని స్మరింపజేయును. కాని తేడా గొప్పది. నిగమశర్మను తరింపజేసినది క్షేత్రమహిమ; అతడు తన పాపముల జాబితాను చూచుకొనవలసిన పని లేకపోయెను. లాగెర్లోఫ్ లోకమున చూచుకొనక తప్పదు, ఆమె ప్రొటెస్టెంటు. మన కవి దయామయుడనవలెనో, ఆమె న్యాయమూర్తి యనవలెనో నాకు తోచలేదు.

"సన్‌రైజ్" మఱియొక జాతికి చెందిన చిత్రము. మూలము హెర్మన్ సూడర్మన్ 1917లో ప్రకటించిన "తిల్సిత్ ప్రయాణము" అను కథ. చిత్రానువాదము కార్ల్ మేయరుది. పల్లెటూరి గృహస్థు నొకని పట్నమునుండి సెలవులు గడుప వచ్చిన యువతి వలలో వేసికొని, భార్యను సరస్సులో ముంచి, పొలమమ్ముకొని తనతో పట్నమునకు రమ్మని బోధించును. ఈ ముగ్గురికిని పేర్లు లేవు: పురుషుడు, భార్య, పట్నపు స్త్రీ. భార్యను ముంచుమని ఆ స్త్రీ చెప్పునపుడు తెరపై వచ్చు అక్షరములు నీటిలోనికి జాఱునట్లు క్రిందికి కరగిపోవును. మూకీలకు అక్షరఫలకము అగత్యమైన అడ్డంకి యని తలచువారు దానిని చూచి మాట మార్చుకొనవలసినదే. పురుషుడును ఆ పట్నపు స్త్రీయు కలిసికొను చిత్తడినేలను స్టూడియోలో నిర్మించి, కప్పునుండి వ్రేలాడు పట్టాలపై కెమెరాను నడిపిరి. ఆ కెమెరా పురుషుని వెంబడించి, కంచె దాటించి, చెట్లనడుమ మలుపులు త్రిప్పి, అతనికంటె ముందుగ స్త్రీని చేరుకొనును. ప్రలోభము అతనిని లాగుచున్నదని చెప్పుట కాదు, మనమే లాగబడుచున్నాము. పురుషుడుగా నటించిన జార్జ్ ఓబ్రియన్ నడక బరువుగా నుండుటకు ముర్నౌ అతని బూట్లలో సీసము పోయించెనని చెప్పుకొందురు. అంత బరువు అవసరమా యని నాకొక సందేహము. అతని వంగిన వీపే చాలును.

భార్యను ముంచబూనిన పడవ దృశ్యమును వర్ణింపనక్కఱలేదు. అతడు లేచి నిలిచి, వంగి, ఆమె చేతులు జోడింపగా, తన ముఖమును చేతితో కప్పుకొని తెడ్లందుకొనును, అంతే. అసలు చిత్రము అక్కడినుండియే మొదలగును. ఒడ్డు చేరిన భార్య పాఱిపోవును, అతడు వెంటబడును, ట్రాము వచ్చును, ఇద్దఱును ఎక్కుదురు. చెట్లు, సరస్సు, కర్మాగారములు, వీథులు కిటికీ వెనుక మాఱుచుండగా వారిద్దఱు ఒకరినొకరు చూచుకొనలేక నిలిచియుందురు. ఫలహారశాలలో అతడొక పళ్లెము కేకు ఆమె ముందునకు జరుపును. ఆమె ఒక తునుక నోట బెట్టుకొని దుఃఖము నాపజాలదు. పూలు కొని యిచ్చును. అవియు ఒడిలో పడియుండును. చంపబోయినవాడు కేకు తినిపింపజూచుట హాస్యాస్పదము, భయంకరము, నిజము. తుదకు దేవాలయమున ఎవరిదో వివాహము జరుగుచుండగా, పురోహితుడు వరునికి చెప్పు ధర్మములను విని అతడు భార్య యొడిలో తలపెట్టి యేడ్చును.

ఇది చిత్రము సగము నడవకమునుపే జరుగును. సామాన్య మెలోడ్రామాలో తెరపడవలసిన చోట ముర్నౌ సావకాశముగా రెండవ భాగమును మొదలుపెట్టెను. క్షమించిన పిమ్మట ఏమి చేయుదురు? క్షౌరశాలకు పోవుదురు, ఫోటో తీయించుకొందురు, వినోదశాలకు పోయి ఆటలాడుదురు, పల్లెటూరి నృత్యమాడి పట్నవాసులచేత చప్పట్లు కొట్టించుకొందురు. ఈ ఘట్టములు సాగినవనియు, కథను నిలిపినవనియు పలువురు ఫిర్యాదు చేసిరి. నాకవి చిత్రమునకు ప్రాణము. భార్య తిరిగి నమ్ముట ఒక్క నిశ్చయముతో జరుగలేదు. పూటంతయు, నవ్వుతోను, ఈర్ష్యతోను, అలసటతోను, కొంచెము కొంచెముగా జరిగినది. క్షౌరశాలలో గోళ్లు దిద్దు యువతి భర్తచేతిని పట్టుకొన్నపుడు, భార్యగా నటించిన జేనెట్ గేనర్ ముఖమున మెఱసిన కలవరమును చూడుడు. ఆ యుదయము చావు తప్పించుకొన్న స్త్రీకి అదియు పట్టింపే. కాపురము మరల మొదలైనదనుటకు అంతకంటె ఋజువేమి కావలెను?

మద్యమును గూర్చి ఒక్క మాట. షోస్త్రోమ్ చిత్రము వచ్చిన మఱుసటి యేడు, 1922లో, మద్యనిషేధముపై స్వీడనులో ప్రజాభిప్రాయ సేకరణము జరిగి, నిషేధవాదులు స్వల్పమైన తేడాతో ఓడిపోయిరి. ఆ చిత్రమున ప్రతి సీసాయు విషమువలె కనబడుటకు ఆ కాలపు వాదోపవాదముల వేడియు కారణము కావచ్చును. "సన్‌రైజ్" వచ్చునప్పటికి అమెరికాలో నిషేధము అమలులో నున్నది. అయినను అందు దంపతులు ద్రాక్షసారాయము త్రాగుదురు, పగిలిన సీసానుండి కాఱిన దానిని నాకి పందిపిల్ల తూలుచు నడచును, ప్రేక్షకులు నవ్వుదురు. పాపమునకు సాధనమైన వస్తువు పాపము కాదని ముర్నౌ యెఱుగును. కాని పాపమును అతడు పట్నపు స్త్రీ మీదికి నెట్టివేసి చేతులు కడిగికొనెను. ఆమె నల్లని దుస్తులు, సిగరెట్టు, కత్తిరించిన జుట్టు, అన్నియు ముద్రవేసిన గుర్తులు. డేవిడ్‌నకు చెడుపు లోపలినుండి వచ్చినది. ఈ రైతునకు సెలవులకు వచ్చినది. షోస్త్రోమ్‌ను చూచినవానికి ఈ యంశమున ముర్నౌ పసివానివలె కనబడును.

ఇంతకును ఆ భార్యల మాట? ఇద్దఱు దర్శకులును వారిని గూర్చి తక్కువే ఆలోచించిరి. హిల్డా బోర్గ్‌స్త్రోమ్ నటించిన హోల్మ్ భార్య చిత్రమందలి అత్యుత్తమ పాత్రలలో నొకటి. అలసటయే ఆమె ముఖము. కాని ఆమె క్షమ కథకు కావలసినపుడు తలుపు తట్టినట్లు వచ్చును. వారిని మరల కలిపి ఆమెను పులిబోనులోనికి పంపినది ఎడిత్. ఆ తప్పు నెఱిగి, ఆమె మరణశయ్యపై కుమిలిపోవుట ఈ చిత్రమున అరుదైన సాహసము. పుణ్యస్త్రీ చేసిన పుణ్యము ఇంకొక స్త్రీ తలపై పడవచ్చునని ఒప్పుకొన్న మెలోడ్రామాలు ఎన్ని?

మూలకథలో సూడర్మన్ చివరకు భర్తను ముంచివేసెను. తిరుగు ప్రయాణమున తుపాను రాగా, తాను నీట తేలుటకై దాచుకొన్న జమ్ముకట్టను భార్యకు కట్టి, అతడు పోవును, ఆమె బ్రతుకును. చిత్రమున ఆ జమ్ము ఆమెను రక్షించునుగాని, అతడును బ్రతుకును. ఆమె గల్లంతైనదని తలచి అతడు చీకటిలో ఎలుగెత్తి పిలుచునపుడు, మనకు వినబడునది గొంతు కాదు, మూవీటోన్ అను యంత్రముచే ఫిలిముపై ముద్రింపబడిన సంగీతమున ఊదిన కొమ్ముబూర. ఈ మంగళాంతము హాలీవుడ్డు వ్యాపారులకు ముర్నౌ చెల్లించిన కప్పమని కొందఱందురు. నేనొప్పుకొనను. మరణించిన భర్తకు లెక్క తీఱిపోవును. బ్రతికినవాడు ఆ పడవలో కూర్చున్న స్త్రీతో కాపురము చేయవలెను. 1929లో జరిగిన తొలి ఆస్కారు ఉత్సవమున "సన్‌రైజ్" విశిష్ట కళాత్మక చిత్రముగ బహుమతి పొందెను. గేనర్‌ను, ఛాయాగ్రాహకులు చార్లెస్ రోషర్, కార్ల్ స్ట్రస్‌లను కూడ సత్కరించిరి. పెట్టుబడి మాత్రము తిరిగి రాలేదు. ముర్నౌ 1931లో మోటారు ప్రమాదమున మరణించెను.

షోస్త్రోమ్ చాలకాలము జీవించెను. హాలీవుడ్డునకు పోయి, కొన్ని చిత్రములు తీసి, స్వదేశమునకు మరలి, ఎనుబదియేండ్లకు చేరువైన వయస్సున 1957లో ఇంగ్మార్ బెర్గ్‌మన్ తీసిన "వైల్డ్ స్ట్రాబెరీస్"లో వృద్ధాచార్యుడైన ఇసాక్ బోర్గ్‌గా నటించెను. "ఫాంటమ్ క్యారేజ్"ను బాల్యమునుండి ఆరాధించిన బెర్గ్‌మన్, ఆనాటి పాపినే ముసలివానిగా మరల తెరపైకి తెచ్చినాడనిపించును. ఇందు గొడ్డలి లేదు, సీసా లేదు, బండిగూడ ఒక్క కలలో మాత్రమే వచ్చును. ఉన్న పాపమంతయు జీవితకాలపు నిరాదరము. ఒక దినము ప్రయాణము చేసి, తన గతమును తాను చూచుకొని, రాత్రికి కొంత మెత్తబడిన ఆచార్యుడు, కుమారుని మంచముచెంతకు పిలిచి, అతడు తనకీయవలసిన అప్పును గూర్చి ఏదో చెప్పబోవును. మన్నించుటకే ఆ మాట యెత్తినాడని మనకు తెలియును. కుమారుడు మధ్యలోనే అందుకొని, మీ సొమ్ము మీకు చేరునని తండ్రికి హామీ యిచ్చును.